డైవ్ వాచీ ఒక్కటే చాలా, ట్రయథ్లాన్ వాచీ వేరే కొనాలా?

అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో డైవింగ్ కోసం డైవ్ కంప్యూటర్ వాచీ (నీటి అడుగున లోతూ సమయమూ లెక్కగట్టేది) కొన్నాననీ, ఏడాదికి రెండుసార్లకి మించి అటు వెళ్లననీ, మిగతా రోజుల్లో బెజవాడలో పరుగుకీ సైక్లింగ్‌కీ ఈతకీ అదే పెట్టుకోవచ్చా అనీ అడిగారు. నేను మూడేళ్లుగా అలా ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నాను. రెండోది కొనకండి. అయితే ముందు మీ వాచీలో జీపీఎస్ ఉందో లేదో చూసుకోండి.

ఎందుకంటే సుంటో డీ5 లాంటివి అచ్చంగా డైవింగ్‌కే చేసినవి. వాటిలో జీపీఎస్ ఉండదు, బ్యారేజీ మీద పరిగెత్తితే ఎంత దూరమో చెప్పలేవు. గార్మిన్ డిసెంట్ వరస వేరు. 2017లో వచ్చిన మొదటి డిసెంట్‌ని ఫీనిక్స్ 5ఎక్స్ అనే స్పోర్ట్స్ వాచీ మీదే కట్టారు. అందుకని ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయథ్లాన్‌కి మోడ్ కూడా ఉంది. ఈత అయ్యాక ల్యాప్ బటన్ నొక్కితే సైకిల్‌కి మారిపోతుంది.

కొత్తలో నా టెన్షనంతా నీళ్ల గురించే. అనవసరం. సముద్రం అడుగున తిరిగే వస్తువుకి గాంధీనగర్ మున్సిపల్ పూల్ ఏపాటి? దాన్ని నిజంగా ఇబ్బంది పెట్టింది మన ఎండ, మన చెమట. రోహిణి కార్తెలో పొద్దున ఆరింటికి బయల్దేరినా ఏడయ్యేసరికి సిలికాన్ పట్టా కింద మణికట్టు నానిపోతుంది. రెండు వారాల్లో ఎర్రగా దద్దుర్లు లేచాయి. నైలాన్ పట్టా వేశాక తగ్గాయి. దాన్ని రోజూ ఉతకాలి, లేకపోతే వాసన భరించలేం, మా ఇంట్లో ఆ విషయంలో ఒక చిన్న యుద్ధమే జరిగింది.

ఆ తర్వాతిది బరువు. పెద్ద మోడళ్లు దగ్గర దగ్గర వంద గ్రాములు. నడకలో తెలియదు. గాంధీ కొండ మెట్లు వేగంగా ఎక్కుతుంటే మాత్రం వాచీ మణికట్టు మీద ఎగురుతుంది, వెనకున్న లైటు సెన్సర్ గుండె దెబ్బలకి బదులు అడుగుల్ని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఒకరోజు మెల్లగా పరిగెడుతుంటే 172 చూపించింది. మెడ దగ్గర వేలు పెట్టి లెక్కేసుకుంటే 140 కూడా లేదు. అప్పట్నుంచి గట్టి సెషన్లకి గుండె దెబ్బలు లెక్కపెట్టే ఛాతీ పట్టీ కట్టుకుంటున్నాను. నీళ్లలో ఆ పట్టీ నుంచి వాచీకి సిగ్నల్ అందదు, బ్లూటూత్ లాంటి రేడియో తరంగాల్ని నీరు మింగేస్తుంది. లెక్కని తనలో దాచుకుని గట్టుకొచ్చాక పంపే పట్టీలు ఉన్నాయి, కొనేటప్పుడు అది అడిగి కొనండి.

సైకిల్ మీద ఇంకో తంటా. హ్యాండిల్ మీద చెయ్యి వంచగానే అరచేతి వెనక భాగం బటన్ మీద నొక్కుకుంటుంది. ఉండవల్లి దాకా వెళ్లి వచ్చి చూసుకుంటే రికార్డింగ్ సీతానగరంలోనే ఆగిపోయి ఉంది. వాచీని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపి, బటన్ లాక్ పెట్టుకోండి.

జీపీఎస్ సంగతికొస్తే, ప్రకాశం బ్యారేజీ 1,220 మీటర్ల పైచిలుకు, పైన ఆకాశం తప్ప ఇంకేం లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తి వాచీ లెక్కతో పోల్చుకోండి, దాన్ని ఎంత నమ్మొచ్చో తేలిపోతుంది. నాది పదిపదిహేను మీటర్ల తేడాతో చూపిస్తుంది. అదే వాచీ కనకదుర్గ ఫ్లైఓవర్ కింద, కొండ పక్కన వెళ్లేటప్పుడు నేను కృష్ణలో పరిగెత్తినట్టు మ్యాప్ గీసింది. నదిలో ఈతకి చెయ్యి నీటి పైకి వచ్చినప్పుడే సిగ్నల్ దొరుకుతుంది కాబట్టి, బ్రెస్ట్ స్ట్రోక్ వేసేవాళ్లు వాచీని ఈత టోపీ కింద పెట్టుకుంటారు. ఒంటరిగా మాత్రం కృష్ణలో దిగకండి. నది ఈత అయ్యాక లోతు సెన్సర్ రంధ్రాల్ని మంచినీళ్లతో కడగండి, వాటిలో ఒండ్రు పడితే డైవ్ రోజున లోతు లెక్క తప్పొచ్చు. పూల్‌లో అయితే వాచీలో పూల్ పొడవు సరిగ్గా పెట్టుకోవడం ఒక్కటే పని.

మీరు అడగలేదు గానీ, డైవ్‌కీ గట్టి వ్యాయామానికీ మధ్య కనీసం 24 గంటలు వదలమంటారు. ఆ రోజు ఇంటర్వెల్స్ (ఆగి ఆగి చేసే వేగం పరుగులు) లేకపోతే ట్రైనింగ్ గ్రాఫ్ పడిపోతుందని బాధపడకండి. డైవ్ అయ్యాక, ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోయేదాకా, వాచీ విమానం ఎక్కొద్దని గంటలు లెక్కపెడుతుంది చూడండి, ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ లెక్క కొండలకీ వర్తిస్తుంది. కిందటేడు మేం వైజాగ్ రుషికొండలో పొద్దున డైవ్ చేసి, సాయంత్రానికి అరకు పోదామనుకున్నాం. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. వాచీలో ఇంకా 19 గంటలు మిగిలున్నాయి. ఆ రాత్రి వైజాగ్‌లోనే ఉండిపోయి, మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాం.