గ్రేవ్స్ కోసం 3 ఎలిమెంట్ల యాగీ చాలు

మాంచెస్టర్ నుంచి ఫ్రాన్స్ గ్రేవ్స్ రాడార్ (ఉపగ్రహాలను గమనించేది) తరంగాలు ఉల్కల మీద తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని రేడియోలో పట్టడానికి 9 ఎలిమెంట్ల (కడ్డీల) యాగీ, అంటే ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా, కొనాలా అని అడిగారు కదా, వద్దండి. గెయిన్ (గురిపెట్టిన దిక్కు సంకేతాన్ని బలంగా పట్టే శక్తి) పెరిగేకొద్దీ బీమ్, అంటే యాంటెన్నా చూసే మేర, సన్నబడుతుంది, ఉల్క ఎక్కడ రాలుతుందో ముందే తెలియదాయె. 3 ఎలిమెంట్లు చాలు. దిజోన్ దగ్గరున్న ఆ రాడార్ దక్షిణం వైపే ప్రసారం చేస్తుంది, కాబట్టి యాంటెన్నాను దక్షిణ-ఆగ్నేయానికి తిప్పండి. ఆకాశంలోకి ఎత్తే పని లేదు: వెయ్యి కిలోమీటర్ల అవతల, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున మండే ఉల్క మీకు దిగంతం మీద ఒకటి రెండు డిగ్రీల్లోనే ఉంటుంది. గెయిన్ కన్నా ఆ దిక్కున ఇళ్లు, గోడలు అడ్డు లేకపోవడమే ముఖ్యం. మిగిలిన డబ్బు మంచి కేబుల్‌కి పెట్టండి. రిసీవర్‌ను అప్పర్ సైడ్‌బ్యాండ్ (USB అనే రిసీవర్ మోడ్)లో 143.049 మెగాహెర్ట్జ్‌కి పెడితే ప్రతిధ్వని దాదాపు 1 కిలోహెర్ట్జ్ కూతలా వినిపిస్తుంది.