శ్రీలంకలో ఆరు రోజులు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

డిసెంబరు చివర్లో అమ్మానాన్నలతో మొదటిసారి శ్రీలంక వెళ్తున్నామని, ఆరు రోజుల్లో కొలంబో, సిగిరియా, క్యాండీ, నువారా ఎలియా, ఎల్ల, గాలె, ట్రింకోమలీ, జాఫ్నా అన్నీ చుట్టేయొచ్చా అని మీరు అడిగారు. అమ్మగారు శాకాహారి అని కూడా రాశారు.

కుదరదండి. నేను మా అమ్మానాన్నలతోనూ వెళ్లాను, స్నేహితులతోనూ వెళ్లాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మ్యాపులో ఆ దేశం అరచేతిలో పట్టేటట్టు కనిపిస్తుంది, కానీ అక్కడ కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి. క్యాండీ నుంచి నువారా ఎలియా 77 కిలోమీటర్లే. మన హైవేల అలవాటులో గంటన్నర అనుకుంటాం. ఘాట్ రోడ్డు, ఎదురుగా బస్సులు, మధ్యలో టీ తోటల దగ్గర ఆగడాలు అన్నీ కలిపి సగం రోజు అయిపోతుంది. మీ లిస్టు ప్రకారం వెళ్తే అమ్మగారికీ నాన్నగారికీ కారు సీటు తప్ప ఇంకేమీ గుర్తుండదు.

ముందు వాన సంగతి చూడాలి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు పడమర, దక్షిణ తీరాలనీ కొండ ప్రాంతాన్నీ తడిపేస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు, అప్పుడు తూర్పు తీరం తడుస్తుంది. అంటే డిసెంబరులో బీచ్ కావాలంటే గాలె, ఉనవటున, మిరిస్సా వైపు పోవాలి. ట్రింకోమలీ, అరుగం బే ఏప్రిల్ తర్వాత పెట్టుకోవాల్సినవి.

అయినా అమ్మగారు ట్రింకోమలీ వదలరేమో. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి అక్కడే కదా. మన అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసినవాళ్లకి అది పెద్ద కోరిక. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ మీద కోణేశ్వరస్వామి గుడి, దాని పక్కనే అమ్మవారు. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. గుడికి వాన అడ్డు కాదు కాబట్టి సిగిరియాలో ఉన్నప్పుడు ఒక పగలు దీనికి కేటాయించండి. రెండున్నర గంటల్లోపే చేరుకోవచ్చు. పెద్దవాళ్లకి గొడుగు, జారని చెప్పులు ఉంటే చాలు.

నేనైతే ఇలా వెళ్తాను. విమానాశ్రయం కొలంబోలో లేదు, దానికి ఉత్తరంగా సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో కటునాయకలో ఉంది. కొలంబో వైపు తిరగకుండా నేరుగా సిగిరియా వెళ్లి రెండు రాత్రులు ఉండండి. తర్వాత క్యాండీలో ఒక రాత్రి, నువారా ఎలియాలో ఒకటి, ఆఖరిది నెగొంబోలో. నెగొంబో విమానాశ్రయం పక్కనే, తిరుగు ప్రయాణం టెన్షన్ ఉండదు. ఎల్ల, గాలె, జాఫ్నా ఈసారికి వదిలేయండి. కొలంబో లేకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం, కొలంబోవాళ్లు ఏమనుకున్నా సరే.

సిగిరియా అంటే పెద్ద రాతికొండ, ఎక్కడానికి దాదాపు 1200 మెట్లు. ఎండెక్కకముందే, పొద్దున్నే గేటు తీసే సమయానికి వెళ్లండి. సగం పైన పెద్ద సింహం పంజాల శిల్పాలున్న చోట విశాలమైన స్థలం ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడ ఆగిపోవచ్చు. ఆ పైనంతా ఇనుప మెట్లు, గాలి కూడా గట్టిగా కొడుతుంది. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కట్టించిన కోట శిథిలాలు శిఖరం మీద ఉన్నా, నాకు నచ్చినవి దారి మధ్యలో ఉన్న వర్ణచిత్రాలే. వాటిని ఫోటో తీయనివ్వరు. మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్లకి మిగతా విదేశీయులకంటే టికెట్ తక్కువ, కాబట్టి అసలు పాస్‌పోర్టులు వెంట పెట్టుకుని కౌంటర్‌లో చూపించండి.

క్యాండీలో బుద్ధుడి దంతాన్ని ఉంచిన దంత మందిరానికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ చాలా పెద్ద తప్పు. పచ్చబొట్టు విషయంలోనూ అంతే, చేతి మీద బుద్ధుడి బొమ్మ ఉందని 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని వెనక్కి పంపేశారు. క్యాండీని ఆఖర్న ఏలిన రాజులు మదురై నాయకుల బంధువర్గం, మూలాల్లో తెలుగువాళ్లు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకుని వేలూరు కోటకి పంపించారు. నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఇదంతా ముందే చెప్పి తీసుకెళ్లండి, ఆ ఊరు వేరేగా కనిపిస్తుంది.

ఇక తిండి. అక్కడ శాకాహారం దొరకదనుకోవద్దు. మధ్యాహ్నం అన్నంలోకి పప్పు, పనస, గుమ్మడి, బీట్‌రూట్ లాంటి కూరలు నాలుగైదు పెడతారు, అన్నింట్లోనూ కొబ్బరిపాలు. చిక్కంతా ఉంబలకడతో. అంటే ఎండబెట్టిన చేప, రాయిలా గట్టిగా ఉంటుంది, దంచి పొడి చేసి రుచి కోసం వేస్తారు. కొబ్బరి పచ్చడిలో, ఒక్కోసారి మామూలు కూరల్లో కూడా పడుతుంది, చూస్తే తెలియదు. మేం దిగిన ఇంట్లో మా అమ్మ పచ్చడి వాసన చూసి గిన్నె పక్కకి జరిపింది. ఆ ఇంటావిడ నవ్వి, మళ్లీ కొబ్బరి తురిమి, ఎండుమిరప, ఉల్లిపాయ, నిమ్మరసం మాత్రమే వేసి కొత్తగా చేసిచ్చింది. కాబట్టి వెజిటేరియన్ అని ఊరుకోకుండా 'మాళు ఎపా, ఉంబలకడ ఎపా' అనండి. ఎపా అంటే వద్దని. జాఫ్నా తమిళుల శైవ భోజనశాలలు కనిపిస్తే మాత్రం ఏ అనుమానం లేకుండా కూర్చోవచ్చు. టీ కొట్లో మీరు అడక్కుండానే వడలు, బన్నులు ఒక ప్లేటు నిండా తెచ్చి పెడితే కంగారు పడకండి. తిన్నవాటికే లెక్క కడతారు. కానీ అందులో త్రికోణంగా ఉన్న బన్నులో ఉండేది చేపే.

డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకోవడమే పెద్దవాళ్లకి సుఖం. ఒక్క మాట మొదటిరోజే చెప్పేయండి: సుగంధ ద్రవ్యాల తోటలు, రత్నాల షాపులు మాకొద్దు అని. మాతలే దగ్గర మమ్మల్ని ఒక తోటలోకి ఉచితమని తీసుకెళ్లారు. మిరియాల తీగ చూపించి, మా నాన్న మోకాలికి ఏదో నూనె రుద్ది, చివర్లో లామినేట్ చేసిన ధరల పట్టిక చేతిలో పెట్టారు. చిన్న సీసా ధరకి మన దగ్గర నెల సరుకులు వస్తాయి. డ్రైవర్‌కి అందులో కమిషన్ ఉంటుంది. దాల్చినచెక్క కొనాలంటే మామూలు సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోండి. అసలైనది పల్చటి పొరలు చుట్టలా చుట్టి ఉంటుంది, వేలితో నొక్కితే పొడిపొడి అవుతుంది. ఊళ్లో తిరగడానికి ఆటోలైతే పిక్‌మీ యాప్‌లో పిలవండి, బేరం గొడవ ఉండదు.

నువారా ఎలియాలో డిసెంబరు రాత్రులు స్వెట్టర్ లేకుండా గడవవు. పెద్దవాళ్లకి అక్కడ సీత ఎలియాలోని సీతమ్మ గుడి, దారిలో రంబోడ ఆంజనేయస్వామి గుడి రెండూ నచ్చుతాయి. అందరూ చెప్పే, క్యాండీ నుంచి ఎల్ల వైపు వెళ్లే కొండ రైలు విషయంలో జాగ్రత్త. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఆ మార్గం చాలాచోట్ల దెబ్బతింది. ఏ స్టేషన్ల మధ్య నడుస్తోందో కనుక్కున్నాకే ప్లాన్‌లో పెట్టుకోండి. రిజర్వేషన్ తెరిచిన వెంటనే సీట్లు అయిపోతాయి. దొరికితే తలుపు దగ్గర వేలాడుతూ వీడియోలు తీయడం మాత్రం మానేయండి.

వీసా నిబంధనలు, ఫీజులు తరచూ మారుతున్నాయి. ప్రభుత్వ ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) సైటులోనే చూడండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ సైట్లు చాలా ఉన్నాయి, అవి అదనంగా గుంజుతాయి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి. యూపీఐ 2024 నుంచి కొన్ని షాపుల్లో పనిచేస్తోంది, దాన్నే నమ్ముకోకుండా నగదు ఉంచుకోండి. సిమ్ విమానాశ్రయంలోనే తీసుకోవచ్చు. ప్రతి పౌర్ణమికీ పోయ సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, గుళ్లు కిటకిటలాడతాయి. మీ తేదీల్లో పౌర్ణమి పడుతుందేమో చూసుకుని, క్యాండీ దానికి ముందో తర్వాతో పెట్టుకోండి. క్రిస్మస్ వారంలో గదుల ధరలు బాగా పెరుగుతాయి కాబట్టి నువారా ఎలియా, నెగొంబో గదులు ఇప్పుడే బుక్ చేసేయండి.