చిన్న షెడ్డులో చేసే పికిల్‌బాల్ ప్యాడిల్‌కి అమెరికా అప్రూవల్ ముందే తీసుకోవాలా?

మీకు ఒంగోలులో వడ్రంగి షెడ్డు ఉంది, పికిల్‌బాల్ (నెట్ మీదుగా రంధ్రాల ప్లాస్టిక్ బంతిని కొట్టే ఆట) ప్యాడిల్స్, అంటే ఆ ఆట బ్యాట్లు, చేసి అమ్మాలంటే అమెరికాలో ఈ ఆట నియమాలు చూసే సంస్థ యూఎస్‌ఏ పికిల్‌బాల్ అప్రూవల్ ముందే తీసుకోవాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ఒకే మోడల్‌ని యాభైసార్లు ఒకేలా చేయగలిగాక తీసుకోండి.

నాది నెల్లూరులో తలుపులు, కబోర్డులు చేసే షాపు. రెండేళ్లుగా ప్యాడిల్స్ కూడా చేస్తున్నాను. మా దగ్గర పిడి చెక్కేది ఉదయగిరి నుంచి వచ్చిన పెద్దాయన. చెక్క గరిటెలు చేసిన చెయ్యి కాబట్టి ఆకురాయితో ఆయన తీసే గుండ్రం మెషిన్‌కి రాదు.

అమ్మడానికి అప్రూవల్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కోర్టుల్లో ఎవరూ అడగరు. అప్రూవల్ వచ్చిన మోడళ్లకి యూఎస్‌ఏ పికిల్‌బాల్ ఒక లిస్టు పెడుతుంది; ఆ లిస్టును పాటించే టోర్నమెంట్లలో మాత్రం మోడల్ పేరు అందులో ఉండాల్సిందే. మా ప్యాడిల్ కొన్న కుర్రాడిని ఒక టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్‌కి ముందే ఆపేశారు. ఎవరిదో అడిగి తీసుకుని ఆడి ఓడిపోయాడు. అమ్మేటప్పుడు నేను ఈ మాట చెప్పలేదు. డబ్బు తిరిగిచ్చాను గానీ ఆ పిల్లవాడి ముఖం ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి బిల్లు మీదే "అప్రూవల్ లేదు" అని రాసిస్తున్నాను.

కొలతల్లో కూడా దెబ్బ తిన్నాను. పొడవు 17 అంగుళాలు దాటకూడదు, పొడవు వెడల్పు కలిపి 24 దాటకూడదు. నేను 16.5కి 7.5 అని సరిగ్గా 24కి కోశాను. చుట్టూ ఎడ్జ్ గార్డ్ (అంచు పట్టీ), పిడి కింద బట్ క్యాప్ (మూత) వేసేసరికి లెక్క దాటిపోయింది. అవి కూడా కొలతలోకే వస్తాయి. నలభై ముక్కలు కోసేశాక తెలిసింది.

అసలు కష్టం గరుకు దగ్గర ఉంది. బంతికి స్పిన్ మరీ ఎక్కువ రాకుండా ఉపరితలం గరుకుకి హద్దు పెట్టారు: ఎత్తుపల్లాల సగటు కొలత ఆర్‌జెడ్ 30 మైక్రాన్లు, అతి పెద్ద ఎత్తుపల్లం కొలత ఆర్‌టి 40. ప్యాడిల్ ముఖానికి వేసే కార్బన్ షీట్ మీద ఆ గరుకు పీల్ ప్లై (జిగురు ఆరాక ఒలిచేసే గుడ్డ) అచ్చు వల్ల వస్తుంది. ఒకసారి గుడ్డ దొరక్క వేరే షాపులో తెచ్చాను. చేత్తో తడిమితే తేడా తెలియలేదు, గరుకు కొలిచే మీటర్ పెడితే తెలిసింది. మే నెల ఎండకి ఎపాక్సీ జిగురు తొందరగా గట్టిపడి, అదే గుడ్డతో కూడా తేడా వచ్చింది. మీటర్ కొనక్కర్లేదు, ఇంజనీరింగ్ కాలేజీల మెకానికల్ ల్యాబ్‌లో ఉంటుంది, మర్యాదగా అడిగితే చూసిపెడతారు.

అప్రూవల్ ఇచ్చేది మనకి కాదు, ఆ మోడల్‌కి. 14 మిల్లీమీటర్లది, 16 మిల్లీమీటర్లది వేరు వేరు. గుడ్డ మార్చినా, లోపలి తేనెపట్టు కోర్ మార్చినా అది పాత మోడల్ కాదు. 2024లో బంతి ఎంత వేగంగా వెనక్కి వస్తుందో కొలిచే పీబీకోర్ పరీక్ష కూడా వచ్చింది. మనలాంటి చిన్న తయారీదారుడికి ఉన్న బలమే ఆటగాడు చెప్పింది విని వారంలో మార్చి ఇవ్వడం. ఈ పద్ధతిలో ఆ మార్పుకే ఖర్చు పడుతుంది. ఫీజు డాలర్లలో, నమూనాలు అమెరికా పంపాలి. లక్ష ప్యాడిల్స్ అమ్మే కంపెనీకీ నెలకి ఇరవై అమ్మే నాకూ అదే పరీక్ష. గరుకుకి హద్దు ఉండాల్సిందే, లేకపోతే ఆట పాడవుతుంది. కానీ ఈ భారం న్యాయంగా లేదని నా అభిప్రాయం. అందుకే చాలామంది చైనాలో తయారైనవి తెచ్చి సొంత పేరు వేసుకుంటున్నారు.

మీరైతే మొదట 16 మిల్లీమీటర్లలో ఒక్క ఆకారం పట్టుకోండి. పీల్ ప్లై, ఎపాక్సీ ఏడాదికి సరిపడా ఒకే చోట కొనండి. మన దేశంలో 2025లో కేంద్ర క్రీడా శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌కి గుర్తింపు ఇచ్చింది, పోటీలు పెరుగుతున్నాయి. మీ దగ్గర కొన్నవాళ్లు టోర్నమెంట్‌కి పేరు ఇచ్చే ముందే ఏ లిస్టు చూస్తారో నిర్వాహకులను వాట్సాప్‌లో అడిగి, జవాబు దాచుకోమనండి. లిస్టులో లేకుండా అప్రూవ్డ్ ముద్ర మాత్రం వేయొద్దు, ఎవరు అడిగినా సరే.

మొదటి ప్యాడిల్ అయ్యాక నెల్లూరు తీసుకురండి, ఇద్దరం కలిసి కొలుద్దాం.