తెగితే దారమే తెగాలి

ప్రశ్న: మా అమ్మ గద్వాల చీర ముప్ఫై ఏళ్ల నాటిది. ఫాల్ ఊడిపోతే, గట్టిగా ఉంటుందని పాలిస్టర్ దారంతో నేనే కుట్టాను. రెండుసార్లు కట్టేసరికి కుట్టు అలాగే ఉంది గానీ, దాని వెంబడే పట్టు అంచు చీలింది. ఏ దారం వాడాల్సింది?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: చదువుతుంటే మనసు చివుక్కుమంది. ఇరవై ఏళ్లకు పైగా సీతాఫల్‌మండిలో చీరలకు ఫాల్ కుడుతున్నాను. ఇలా చీలిన అంచులు నా దగ్గరికి చాలా వచ్చాయి.

కుచ్చిళ్ల మీద కాలు పడి లాగినప్పుడు ఏదో ఒకటి తెగాలి. తెగితే దారమే తెగాలి. కుట్టు మళ్లీ వేసుకుంటాం, అమ్మ చీర మళ్లీ రాదు. పాలిస్టర్ దారం తెగకుండా పాత పట్టుపోగులను కోసుకుంటూ పోతుంది. రవికలకు, లంగాలకు నేనూ అదే వాడతాను. పాత పట్టు మీద మాత్రం వద్దు.

గద్వాలకు ఒళ్లు నూలు, అంచు పట్టు. మీరు కుట్టేది అంచు మీద కాబట్టి సన్నని పట్టుదారం మేలు. దొరక్కపోతే 60 నంబరు నూలుదారం తీసుకోండి. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చేతిసూదీ అంతే, 10వ నంబరు సరిపోతుంది.

దారం కొనడానికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్లేటప్పుడు చీర వెంట ఉండాలి. రీలును అంచు మీద పెట్టి రంగు తేల్చుకోకండి. దుకాణం బయట వెలుతురులోకి వచ్చి, జానెడు దారం విప్పి, ఒంటి పోగును అంచు మీద పరచి చూడండి. రీలులో ముదురుగా ఉన్న మెరూన్ అక్కడ వెలిసినట్టు కనిపిస్తుంది. అచ్చంగా కలవకపోతే ఒక ఛాయ ముదురుదే కొనండి.

పట్టుదారమని అమ్మేదంతా పట్టు కాదు. అంగుళం ముక్కను పట్టకారుతో పట్టుకుని కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే పట్టు. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్.

మూరెడు దారం, ఒంటి పోగు చాలు. పొడవైతే మెలిపడుతుంది, గుడ్డలో దూరిన ప్రతిసారీ అరుగుతుంది. నూలు ఫాల్‌ను ముందే తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని అంచును లాగుతుంది.

ఇప్పుడున్న కుట్టును మాత్రం లాగి విప్పకండి. రెండేసి అంగుళాలకు ఒకచోట కత్తిరించి ముక్కలుగా తీయండి. చీలికను రఫూ చేయించాక, కొత్త కుట్టును పాత రంధ్రాల వరుసకు కాస్త పక్కగా, బిగించకుండా వేయండి.