బైక్ నిలబడి నడిపితే నడుం నొప్పి: రైజర్ ఎంత ఎత్తు వేయాలి?

తమ్ముడూ, తలకోన మట్టిరోడ్డులో బైక్ ఫుట్‌పెగ్‌ల మీద నిలబడితే నడుం వంగిపోతోంది, 50 మి.మీ. రైజర్లు (హ్యాండిల్ కింద పెట్టి దాన్ని పైకి లేపే దిమ్మలు) వేయాలా అని అడిగావు. అంత ఎత్తు వద్దు. ఒకరిని బండి నిటారుగా పట్టుకోమని, మోకాళ్లు కాస్త వంచి నిలబడి, కళ్లు మూసుకుని చేతులు చాపు. చేతులు ఆగిన చోటికీ గ్రిప్పులకూ మధ్య తేడానే నీకు కావాల్సిన ఎత్తు. చాలామందికి 20-30 మి.మీ. సరిపోతుంది.

కొనేముందు క్లాంప్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే బిగింపు) దగ్గర హ్యాండిల్ మందం కొలువు, 22 మి.మీ.దీ 28.6 మి.మీ.దీ ఒకదానికొకటి పట్టవు. రైజర్‌తో పొడవు బోల్టులు వచ్చాయో లేదో చూసుకో, పాత పొట్టివాటితో నెట్టుకురావద్దు.

అసలు తలనొప్పి కేబుళ్లతోనే. బిగించాక న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పు. ఇంజిన్ శబ్దం పెరిగిందంటే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతున్నట్టే. బ్రేక్ గొట్టం, క్లచ్ కేబుల్ బిగుసుకోకూడదు. బిగుసుకుంటే దారి మార్చాలి, లేదా పొడవైనవి వేయాలి. అలా వదిలేసి భాకరాపేట ఘాట్ మలుపుల్లోకి మాత్రం వెళ్లకు.

ఎత్తు కోసమని హ్యాండిల్‌ను నీవైపు తిప్పుకోకు, నిలబడ్డప్పుడు ఇంకా ఇరుకవుతుంది. బ్రేక్, క్లచ్ లివర్లను కాస్త కిందికి తిప్పు, మణికట్టు తిన్నగా ఉంటుంది. పైసా ఖర్చులేని ఈ పని ముందు చేసి చూడు, రైజర్ అవసరమే రాకపోవచ్చు.