తెలుగు సంఘం నిధుల కోసం తంబోలా ఆడిస్తే కాలిఫోర్నియాలో అనుమతి తీసుకోవాలా?

ఉగాది విందులో టికెట్టుకు 5 డాలర్ల చొప్పున వసూలు చేసి తంబోలా ఆడించి, మిగిలిన సొమ్మును స్వగ్రామంలోని బడికి పంపాలనుకుంటున్నామనీ, సంఘానికి 501 సి 3 (ధర్మసంస్థలకు ఫెడరల్ పన్ను మినహాయింపు) గుర్తింపు ఉంది కనుక వేరే అనుమతి అక్కర్లేదేమోననీ మీరు అడిగారు. అనుమతి కావాలి. ఆ గుర్తింపు పన్ను మినహాయింపుకు సంబంధించినదే తప్ప, డబ్బు తీసుకొని ఆడించే ఆటకు వర్తించదు. ఇక్కడి ఒక చిన్న తెలుగు సంఘానికి నాలుగేళ్లు కోశాధికారిగా పనిచేసినప్పుడు మేమూ ఇదే పొరపాటు చేయబోయాం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి చట్టం దృష్టిలో మన తంబోలా కూడా బింగో అనే ఆటే. 1976లో కాలిఫోర్నియా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, ధర్మకార్యాల నిమిత్తం మాత్రమే బింగోను అనుమతించే వీలును నగరాలకూ కౌంటీలకూ కల్పించారు. షరతులన్నీ రాష్ట్ర శిక్షాస్మృతి (పీనల్ కోడ్) 326.5 సెక్షన్‌లో ఉన్నాయి. అంటే మీ నగర మండలి బింగోపై ఆర్డినెన్స్ చేసి ఉంటేనే, దానికి లోబడి మాత్రమే ఆడించవచ్చు. (ఆర్డినెన్స్ అనగానే మనకు గవర్నర్ జారీ చేసేది గుర్తుకొస్తుంది, ఇక్కడ అది నగర మండలి చేసే స్థానిక చట్టం.) ఆర్డినెన్స్ లేని ఊళ్లో ఎంత మంచి పనికోసమైనా ఆ ఆట నేరమే అవుతుంది. పక్క ఊరి సంఘం ఏటా ఆడిస్తోందన్న మాట మీకు అక్కరకు రాదు.

బింగోలో 75 అంకెలు, తంబోలాలో 90 కాబట్టి రెండూ వేరని మా కార్యవర్గంలో కొందరు వాదించారు. చట్టం అంకెల సంఖ్యను పట్టించుకోదు. ఆటగాడు తన చేతిలోని కార్డుపై గుర్తు పెట్టుకొనే అంకెలు, యాదృచ్ఛికంగా తీసి ఒక మనిషి స్వయంగా ప్రకటించే అంకెలతో సరిపోవడమే బింగో అంటుంది. మన జల్దీ ఫైవ్, టాప్ లైన్, ఫుల్ హౌస్ అన్నీ అందులో ఇమిడిపోతాయి.

మమ్మల్ని నిజంగా ఆపినది స్థలం. ఆట జరిగే చోటు సంఘానికి సొంతమో, లీజుకు తీసుకున్నదో, ఎవరైనా ఉచితంగా ఇచ్చినదో అయి ఉండాలి. అంతేకాక సంఘం దాన్ని తన కార్యాలయంగానో తన కార్యకలాపాలకో వాడుతూ ఉండాలి. మాకు సొంత భవనం లేదు. ఒక్క సాయంత్రానికి అద్దెకు తీసుకున్న విందు మందిరం రసీదును దరఖాస్తుకు జతచేస్తే, నగర కార్యాలయం కౌంటరులోని ఉద్యోగిని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తారీఖు దగ్గర వేలు పెట్టి, ఇది ఒక్క రోజుకే కదా అని తిరిగి ఇచ్చేశారు. గుడి ప్రాంగణంలోనో, సొంత హాలులోనో కార్యక్రమాలు జరిపే సంఘాలకు ఈ చిక్కు ఉండదు.

రెండో ఇబ్బంది పిల్లలు. 18 ఏళ్లలోపు వారు ఆడకూడదు. మన తంబోలాలో సగం కేకలు పిల్లలవే. అమ్మ ఒడిలో కూర్చొని టికెట్టు మీద పెన్సిలుతో సున్నాలు చుట్టేది వాళ్లే. మన వాళ్లకు అన్నిటికంటే కష్టంగా తోచే నియమం ఇదేనని నా అభిప్రాయం.

మిగిలిన షరతులు పాటించడం కష్టం కాదు. ఆట నడిపేది సంఘ సభ్యులే అయి ఉండాలి, ఆ పనికి ఎవరికీ జీతం ఇవ్వకూడదు. ఒక్కో ఆటకు బహుమతుల మొత్తం విలువ, నగదైనా వస్తువైనా, 500 డాలర్లు దాటకూడదు. ఒక దాత ఇస్తానన్న బంగారు నాణెం మేము ఈ కారణంగానే వద్దన్నాం. వచ్చిన లాభాన్ని సంఘం మామూలు ఖాతాలో కలపకుండా విడిగా ఉంచాలి. లైసెన్సు రుసుము ఏడాదికి 50 డాలర్లకు మించదు, అయితే పోలీసు భద్రతకు అయ్యే ఖర్చును నగరం అదనంగా అడగవచ్చు. కోశాధికారులు గమనించవలసిన మరో సంగతి ఏమిటంటే, బింగో ఆదాయానికి ఫెడరల్ పన్ను చట్టం ఇచ్చే మినహాయింపు, ఆ ఆట రాష్ట్ర, స్థానిక చట్టాలకు లోబడి జరిగినప్పుడే వర్తిస్తుంది.

చివరికి మేము తంబోలా టికెట్టుకు వెల తీసివేశాం. కాలిఫోర్నియాలో ఇలాంటి ఆట లాటరీ కింద నేరం కావాలంటే ఆడేవాడు ఏదో ఒక మూల్యం చెల్లించి ఉండాలి కనుక, తలుపు దగ్గర అడిగిన ప్రతి ఒక్కరికీ, భోజనం టికెట్టు కొనని వారికి కూడా, ఉచితంగా ఇచ్చి, విరాళాల పెట్టెను వేరే బల్ల మీద ఉంచాం. తంబోలా వెలను భోజనం టికెట్టులో కలిపితే అది ఉచితం కాదని నగర కార్యాలయంలో ముందే హెచ్చరించారు.

మీరు ముందుగా మీ నగర క్లర్కు కార్యాలయానికి ఫోన్ చేసి, బింగోపై ఆర్డినెన్స్ ఉందా, దరఖాస్తు తీసుకొనేది వారేనా లేక పోలీసు శాఖా అని అడగండి. మీ విందు మందిరం ఎవరిదో, సంఘం దాన్ని ఎంత కాలంగా వాడుతోందో కూడా ఆ ఫోనులోనే చెప్పండి. అడ్వాన్సు కట్టక ముందే చెప్పడం మంచిది, మాకు ఆ డబ్బు తిరిగి రాలేదు.