లైనింగ్ 9 మిల్లీమీటర్లు ఉన్నా పిండం ఎందుకు నిలవలేదు?

చెల్లీ, ఐవీఎఫ్‌లో మంచి గ్రేడ్ పిండాలు రెండుసార్లు పెట్టినా నిలవలేదని, లైనింగ్, అంటే గర్భసంచి లోపలి పొర, 9 మిల్లీమీటర్లు ఉన్నా ఇప్పుడు దాని జీన్ టెస్ట్ చేయించుకోమంటున్నారని, ఇంట్లోవాళ్లేమో నీ గర్భసంచినే తప్పుపడుతున్నారని రాశావు. నాదీ అనంతపురమే, నాకూ అచ్చం ఇలాగే జరిగింది.

మందం ఒక్కటే సరిపోదు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగేకొద్దీ ఆ పొరలో కొన్ని జీన్లు ఆన్ అవుతాయి, కొన్ని ఆఫ్ అవుతాయి. ఆ మార్పంతా సరిగ్గా జరిగితేనే, అదీ అండం విడుదలయ్యాక సుమారు ఆరో రోజు నుంచి పదో రోజు దాకానే, పొర పిండాన్ని పట్టుకుంటుంది. ఎల్‌ఐఎఫ్ అనే జీన్ లేని ఆడ ఎలుకల్లో పిండాలు అంటుకోలేదు, వాటినే తీసి మామూలు ఎలుకల గర్భంలో పెడితే చక్కగా పెరిగాయి, ఇది 1992లోనే చూశారు. ఇది చదివి నీలో జీన్ లేదని బెంగపెట్టుకోవద్దు, ఉన్న జీన్ పని చేయకుండా ఏదో అడ్డుపడుతుండొచ్చు, చాలాసార్లు పిండంలోని క్రోమోజోముల తేడా వల్లా నిలవదు.

నా రెండోది పోయాక వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. ఆమె నా పాత హెచ్‌ఎస్‌జీ ఫిల్మును, అంటే గర్భసంచికీ అండం వచ్చే ట్యూబులకూ తీసిన ఎక్స్‌రేను, కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఎడమ ట్యూబు చివర ఉబ్బిన చోట వేలు పెట్టి చూపించింది. ట్యూబులో నీరు. అది గర్భసంచిలోకి కారితే పిండం అంటుకోవడానికి కావలసిన హాక్స్‌ఏ10 జీన్ పని తగ్గుతుందట, ట్యూబు తీసేస్తే చాలామందిలో మళ్ళీ పుంజుకుంటుందట. ల్యాప్రోస్కోపీ చేసి తీసేశారు, మూడోసారి నిలిచింది, పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. అదొక్కటే కారణమని ఆమె అనలేదు, నేనూ అనను.

నీకు చెప్పింది లైనింగ్ జీన్లు చూసి పిండం ఎప్పుడు పెట్టాలో చెప్పే ఈఆర్‌ఏ టెస్టే అయితే, 2022లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో దాని ప్రకారం టైం మార్చినవాళ్లకూ మార్చనివాళ్లకూ పిల్లలు పుట్టడంలో తేడా రాలేదు. యూరప్ డాక్టర్ల సంఘం ఎష్రే కూడా 2023లో దాన్ని సిఫార్సు చేయలేదు. నేనైతే అప్పు చేసి మరీ చేయించుకోను.

మందు టైంకి పెట్టుకోవడం మాత్రం నీ చేతిలో ఉంది. మొదటిసారి నాకు రాత్రి ప్రొజెస్టెరాన్ మాత్ర యోనిలో పెట్టుకునే వేళకు బెంగళూరు బస్సు పెనుకొండ దాటుతోంది, బస్సులో ఎక్కడ పెట్టుకునేది, పొద్దున దాకా ఆగాను. దానివల్లే పోయిందని చెప్పలేను గానీ తర్వాత ఒక రోజు ముందే వెళ్లి రూం తీసుకున్నా. ముందు నీ హెచ్‌ఎస్‌జీ ఫిల్ము వెతుకు, రిపోర్టు కాగితం కాదు, ఫిల్మే పట్టుకెళ్లి ట్యూబుల్లో నీరుందా అని అడుగు.